మొదటి ఆల్-గ్రెయిన్ బీరుకి ఏ రెసిపీ పట్టుకోవాలి?

నమస్కారమండీ. అందరూ వచ్చేసినట్టే ఉన్నారు, మొదలుపెట్టేద్దాం. ఇప్పుడు మీ చేతికి వస్తున్న డబ్బాలో బార్లీ మాల్ట్ ఉంది, ఓ నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలండి. పొట్టు తీయక్కర్లేదు. మొదట కరకరలాడుతుంది, తర్వాత పిండి పిండిగా అవుతుంది, ఇంకాసేపు నమిలితే తీపి తెలుస్తుంది. చిన్నప్పుడు ఉత్త అన్నం ముద్దని చాలాసేపు నమిలితే తియ్యగా అనిపించేది గుర్తుందా? మన లాలాజలంలో ఉండే ఎంజైము పిండిని చక్కెరగా విడగొడుతుంది. ఈ గింజలో కూడా అదే పని చేసే ఎంజైములు ఉన్నాయి. మన ఇళ్లలో రాగుల్ని నానబెట్టి, మూటగట్టి మొలకలు తెప్పించి, ఎండబెట్టి రాగి మాల్ట్ చేస్తారు కదా, బార్లీకి కూడా ఇంచుమించు అదే చేస్తారు. మొలక వచ్చినప్పుడు గింజ తన కోసం ఎంజైముల్ని తయారుచేసుకుంటుంది, అక్కడ ఆపి ఎండబెడితే అవి గింజలోనే ఉండిపోతాయి. మనం వేడినీళ్లు పోసి వాటిని మళ్లీ నిద్రలేపుతాం. ఆల్-గ్రెయిన్ అంటే అంతే, చక్కెరని మనమే గింజ నుంచి తీయడం.

ఇక్కడున్న చాలామంది ఇప్పటికే రెండు మూడు కిట్లు చేసి ఉంటారు, డబ్బాలో వచ్చే మాల్ట్ సిరప్‌తో. అదేం తక్కువ పని కాదు, మంచి బీరే వస్తుంది. కానీ పులిహోరకి రెడీమేడ్ పేస్టు కలుపుకోవడానికీ, చింతపండు నానబెట్టి గుజ్జు తీసి మనమే పోపు పెట్టుకోవడానికీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. రెండోది చేసినప్పుడే పులుపు ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు ఎక్కువైంది అనేది మనకి తెలుస్తుంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయినా ఇంట్లో బీరు చేసుకోవడానికి అప్పుడు అనుమతి రాలేదు. 1978 అక్టోబరులో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టంతో వచ్చింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100 గాలన్లు, సొంతానికి మాత్రమే, అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు ఒప్పుకున్నది 2013లో. ఇక ఇంటికి ఫోన్ చేసి తమ్ముడికో బావకో నేర్పిస్తాం అనుకునేవాళ్లు దయచేసి ఆగండి, ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ నేరం. నేను చెప్పేదంతా ఇక్కడ, డాలస్ చుట్టుపక్కల మన వంటింట్లో చేసుకునేదాని గురించే.

సరే, రెసిపీ. నా మొదటి ఆల్-గ్రెయిన్ బీరు సంగతి చెప్తాను. ఐదు రకాల మాల్ట్, అందులో మూడో వంతు గోధుమ, పైన ఓట్స్, నాలుగు రకాల హాప్స్, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు, చివర్లో నారింజ తొక్క. రెసిపీ చదువుతుంటే నోరూరింది, అందుకే పట్టుకున్నాను. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే రాత్రి ఏడయింది. గింజంతా జావలాగా గడ్డకట్టి ద్రవం కిందకి దిగలేదు. గ్రావిటీ, అంటే ద్రవంలో ఎంత చక్కెర దిగిందో చెప్పే కొలత, 1.055 రావాల్సింది 1.038 దగ్గర ఆగిపోయింది. మూడు వారాలయ్యాక తాగితే పల్చగా ఉంది, నాలుక వెనక ఏదో గరుకుగా పట్టుకుంటోంది. బాధ బీరు చెడిపోయినందుకు కాదండీ. ఎందుకు చెడిందో తెలుసుకునే దారే లేదు. గోధుమ వల్లా, మర సరిగ్గా పట్టకపోవడం వల్లా, నీళ్ల వల్లా, వేడి వల్లా, తొక్క వల్లా? ఏ ఒక్కదాని మీదా వేలు పెట్టలేకపోయాను. చాలా నెలల తర్వాత, వేరే చోట గింజలు కొన్నప్పుడు అర్థమైంది, మొదట కొన్న దుకాణంలో మరీ బరకగా మర పట్టి ఇచ్చారని, సగం గింజలు విరగను కూడా లేదని.

అప్పటి నుంచి ఒక రెసిపీ సులువా కాదా అని చూడాలంటే నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇందులో తప్పు జరిగితే, ఎక్కడ జరిగిందో నా నాలుక చెప్పగలదా? వస్తువులు తక్కువ ఉండటం, టైము తక్కువ పట్టడం, ఖర్చు తక్కువ కావడం అన్నీ మంచివే, కానీ నాకు అవి ఆ తర్వాతే.

ఈ ప్రశ్నతో చూస్తే కొన్ని రకాలు వాటంతటవే పక్కకి పోతాయి. లాగర్, పిల్స్‌నర్ వద్దు. పది పన్నెండు డిగ్రీల దగ్గర వారాల తరబడి పులియాలి, అంటే దానికోసం ఒక ఫ్రిజ్ కేటాయించాలి, పైగా అంత శుభ్రమైన రుచిలో చిన్న లోపం కూడా దాగదు. తొమ్మిది పది శాతం ఆల్కహాల్ ఉండే ఇంపీరియల్ స్టౌట్ వద్దు, గింజ ఎక్కువయ్యే కొద్దీ దానిలోంచి తీపి పూర్తిగా దిగదు, ఈస్ట్ కూడా అలసిపోతుంది. ఈ మధ్య అందరూ ఇష్టపడే హేజీ ఐపీఏ, అంటే హాప్స్ దట్టించిన మబ్బు రంగు బీరు, అది కూడా వద్దండీ, అది నాకూ చాలా ఇష్టం, కానీ సీసాలో నింపేటప్పుడు కాస్త గాలి తగిలిందా, పది రోజుల్లో రంగు నల్లబడి మామిడిపండు వాసన పోయి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, మొదటిసారి చేసేవాళ్లకి ఆ గాలిని ఆపే సామాను ఉండదు. పుల్లని బీర్లు, పండ్లు వేసే బీర్లు తర్వాతెప్పుడైనా చూసుకుందాం.

మిగిలింది అమెరికన్ పేల్ ఏల్, గది వేడికి దగ్గరగా పులిసే లేత రంగు బీరు. నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అమెరికాలో కేస్కేడ్ అనే హాప్ 1972లో ఆరెగాన్ నుంచి బయటికి వచ్చింది. కాలిఫోర్నియాలోని చీకోలో సియెర్రా నెవాడా వాళ్లు 1980లో దాంతో పేల్ ఏల్ చేశారు, ఆ పచ్చ లేబుల్ సీసా ఇప్పటికీ ఏ గ్రోసరీ స్టోర్లోనైనా దొరుకుతుంది. అంటే మీరు చేసేదానికి పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక మంచి నమూనా రెడీగా ఉంది. నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మేలేముంటుంది? బత్తాయి తొక్క గిల్లినట్టు ఉండే ఆ కేస్కేడ్ వాసన చిన్న చిన్న లోపాల్ని కాస్త కప్పుతుంది, పెద్దవాటిని మాత్రం కప్పదు. మొదటి బీరుకి అది సరైన పాళ్లు అని నా అభిప్రాయం.

ఎంత చేయాలి? పుస్తకాల్లో అన్నీ ఐదు గాలన్లకి రాస్తారు. ఐదు గాలన్ల బీరు రావాలంటే 28 లీటర్ల దాకా నీళ్లు, వాటిలో నాలుగున్నర కిలోల పైన గింజ, దానికి 38 లీటర్ల పాత్ర కావాలి, మన ఇంటి స్టవ్ మీద అది మరిగేసరికి పొద్దుపోతుంది. అందుకే నేను రెండున్నర గాలన్లే చేయమంటాను. పండగలకి బిర్యానీ వండే 20 లీటర్ల గిన్నె చాలామంది ఇళ్లలో ఉంటుంది కదా, అది సరిపోతుంది. ఇరవై నాలుగు సీసాలు వస్తాయి. బాగా వస్తే రెండు వారాల్లో అయిపోతాయి, మళ్లీ చేస్తారు. బాగా రాకపోతే పారబోయడానికి ప్రాణం అంతగా కొట్టుకోదు.

రాసుకోండి. టూ-రో పేల్ మాల్ట్, అంటే మామూలు లేత రంగు బార్లీ మాల్ట్, 5 పౌండ్లు, అంటే సుమారు 2.3 కిలోలు. క్రిస్టల్ 40 మాల్ట్ పావు పౌండు. కేస్కేడ్ హాప్స్ ఒకటిన్నర ఔన్సులు, మూడు సమాన భాగాలుగా, ఒక్కోటి 14 గ్రాములు. ఈస్ట్ సాఫేల్ యూఎస్-05, పొడి ఈస్ట్, 11.5 గ్రాముల ప్యాకెట్. ఇంతే. క్రిస్టల్ ఎందుకంటే కాస్త రంగు, కాస్త పాకం రుచి. అది లేకపోయినా బీరు వస్తుంది, ఎంజైములన్నీ టూ-రోలోనే ఉన్నాయి. ఒకే మాల్ట్, ఒకే హాప్‌తో చేసే పద్ధతిని స్మాష్ అంటారు, నేర్చుకోవడానికి అదీ మంచిదే, కానీ నాకు ఆ పావు పౌండు క్రిస్టల్ ఉంటేనే గ్లాసులో నిండుగా అనిపిస్తుంది. గింజని దుకాణంలోనే రెండుసార్లు మర పట్టించమని అడగండి. ఇంటికి తెచ్చాక గుప్పెడు తీసి చూడండి, పూర్తి గింజ ఒక్కటి కూడా కనబడకూడదు. మనం సంచీలో చేస్తున్నాం కాబట్టి సన్నగా ఉన్నా అడ్డుపడదు. ఈ సంచి పద్ధతిని, బ్రూ ఇన్ ఎ బ్యాగ్‌ని, 2000 దశకంలో ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు తయారుచేశారు. గింజకి ఒకటి, నీళ్లకి ఒకటి, మరగబెట్టడానికి ఒకటి అని మూడు పాత్రలు కావాల్సిన పని ఒక్క గిన్నెలోకి వచ్చేసింది, వాళ్లకి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

నీళ్లు 15 లీటర్లు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే రెసిపీ ఎంపికలో నీళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన వైపు కుళాయి నీళ్లలో క్లోరమైన్ కలుపుతారు, ఏటా వసంతంలో కొన్ని వారాలు క్లోరిన్‌కి మారుస్తారు కూడా. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. అది మాల్ట్‌లోని పదార్థాలతో కలిసి బ్యాండ్-ఎయిడ్ లాంటి, ఆసుపత్రి లాంటి వాసన ఇస్తుంది, ఆ వాసన వచ్చిన బీరుని బాగుచేయడం ఎవరివల్లా కాదు. క్యామ్డెన్ టాబ్లెట్ అని దొరుకుతుంది, ఒక్కటి 20 గాలన్లకి సరిపోతుంది, మనకి పావు ముక్క చాలు, పొడి చేసి కలిపేయండి. ఇంకోటి, నీళ్ల గట్టితనం. ఇంగ్లండ్‌లో బర్టన్ అనే ఊరి నీళ్లలో జిప్సం ఎక్కువ, అక్కడ పేల్ ఏల్ పేరుపొందింది. చెక్ దేశంలోని ప్ల్జెన్‌లో నీళ్లు మెత్తన, అక్కడ పిల్స్‌నర్ పుట్టింది. డబ్లిన్‌లో సున్నం పాళ్లు ఎక్కువ, అక్కడ నల్లటి స్టౌట్ నిలబడింది, ఎందుకంటే మాడ్చిన మాల్ట్‌లోని ఆమ్లం ఆ క్షారాన్ని విరుస్తుంది. ఏ ఊరి నీళ్లు ఆ ఊరి బీరుని తయారుచేశాయి. కాబట్టి శాన్ ఆంటోనియో వైపు సున్నపురాతి నీళ్లున్నవాళ్లు ఇదే రెసిపీ చేయాలంటే సగం ఆర్‌ఓ నీళ్లు కలుపుకోండి.

ఇప్పుడు మ్యాష్, అంటే గింజని వేడినీళ్లలో నానబెట్టడం. నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాక మంట ఆపి, గిన్నెలో సంచి పరిచి, గింజని కొంచెం కొంచెంగా వేస్తూ ఉండలు కట్టకుండా కలపండి, ఉప్మా రవ్వ పోస్తూ కలిపినట్టే. గింజ పడగానే వేడి దిగి 67 దగ్గర నిలుస్తుంది. ఆ 67 ఎందుకంటే, గింజలో ముఖ్యంగా రెండు ఎంజైములు పనిచేస్తాయి. ఒకటి 60 నుంచి 65 మధ్య చురుగ్గా ఉండి ఈస్ట్ పూర్తిగా తినేసే చక్కెరని తయారుచేస్తుంది, వేడి పెరిగితే త్వరగా చచ్చిపోతుంది. రెండోది 70 దాటినా పనిచేస్తుంది, కానీ ఈస్ట్ తినలేని పెద్ద ముక్కల్ని కూడా వదులుతుంది. 64లో చేస్తే బీరు పల్చగా, పొడిగా వస్తుంది, 70లో చేస్తే చిక్కగా, కాస్త తీపిగా మిగులుతుంది. 67లో రెండూ పనిచేస్తాయి. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి, ఈ రెసిపీలో అది తేడా మాత్రమే, తప్పు కాదు. పిల్స్‌నర్ వద్దని, పేల్ ఏల్ చేయమని నేను పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం.

మూత పెట్టి, పాత దుప్పటి రెండు మడతలు చుట్టి గంటసేపు వదిలేయండి. మధ్యలో వేడి బాగా తగ్గిందని మళ్లీ మంట పెట్టాల్సి వస్తే జాగ్రత్త, సంచి అడుగుకి ఆనితే కరుగుతుంది, ఇడ్లీ పాత్ర అడుగున వేసే చిల్లుల ప్లేటు ముందే బోర్లించి ఉంచండి. గంట తర్వాత సంచి పైకి లాగి చిల్లుల గిన్నెలో పెట్టి పిండండి. ఇద్దరుంటే మంచిది, తడిసిన గింజ బాగా బరువుంటుంది, వేడిగానూ ఉంటుంది. మా ఇంట్లో ఈ పనికి మా తమ్ముడు వస్తాడు. పిండితే వగరు దిగుతుందని కొందరంటారు, నేను ఎన్నోసార్లు గట్టిగానే పిండాను, నాకెప్పుడూ తేడా తెలియలేదు. పిప్పి మా పెరట్లో మొక్కలకి వేస్తాం.

గిన్నెలో ఇప్పుడు 13 లీటర్ల పైన తీపి ద్రవం ఉంటుంది, దాన్నే వోర్ట్ అంటాం. గ్రావిటీ కోసం, చుక్కతోనే కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే ఒక చెంచాడు చల్లార్చి దానిలో చూడండి. ద్రవంలో తేలే హైడ్రోమీటర్ అయితే చిన్న గొట్టం నిండా తీసి గది వేడికి వచ్చాక చూడాలి. 1.038 దరిదాపుల్లో ఉంటే మీరు దారిలోనే ఉన్నారు. బాగా తక్కువుంటే మొదట అనుమానించాల్సింది మర. చూశారా, రెసిపీ చిన్నది కాబట్టి ఇంత త్వరగా వేలు పెట్టగలుగుతున్నాం.

తర్వాత గంట మరగబెట్టాలి. మొదటి పది నిమిషాలు పక్కనే ఉండండి, పాలు పొంగినట్టే పొంగుతుంది, స్టవ్ మీద పడితే చక్కెర పాకం అంటుకుపోతుంది. పొంగు దిగాక 14 గ్రాముల హాప్స్, అవి చేదు ఇస్తాయి. ఇంకో పావుగంటలో దించుతామనగా రెండో 14, అవి రుచికి. మంట ఆపాక మూడో 14, అవి వాసనకి. చేదు కొలత 30కి దగ్గరగా ఉంటుంది. చేదు ఇష్టంలేనివాళ్లు మొదటి భాగం మాత్రం వేసి, చివర్లో ఏడు గ్రాములు వేస్తే ఇదే గింజతో బ్లాండ్ ఏల్ అనే తేలికపాటి బీరు అవుతుంది. దానిలో లోపాలు త్వరగా బయటపడతాయని మాత్రం గుర్తుంచుకోండి.

చల్లార్చడానికి సింకులో ఐసు, నీళ్లు పోసి గిన్నె దించండి, అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఇక్కడి నుంచి తగిలే ప్రతి వస్తువూ స్టార్ శాన్ లాంటి శానిటైజర్‌లో ముంచినదై ఉండాలి. పొద్దున చెట్టు నుంచి దించిన తియ్యని కల్లు సాయంత్రానికి పుల్లబడటం మన ఊళ్లలో చూశాం, గాల్లో, కుండలో ఉన్న సూక్ష్మజీవులు అంత వేగంగా పనిచేస్తాయి. మనకి కావాల్సిన ఈస్ట్ ముందు అక్కడ స్థిరపడాలి. 20 డిగ్రీలకి వచ్చాక ఫెర్మెంటర్‌లోకి, అంటే బీరు పులిసే డబ్బాలోకి, పైనుంచి ధార కట్టేలా పోయండి, ఆ గాలి ఈస్ట్‌కి మంచిది. తర్వాత ఈస్ట్ పొడి పైన చల్లండి. పెరుగు తోడు వేసేటప్పుడు పాలు కాగుతుండగా వేస్తామా? వేయం కదా, వేలు పెట్టి చూసుకుంటాం. ఇక్కడ వేలు పెట్టొద్దు, థర్మామీటర్ పెట్టండి, అంతే తేడా.

ఎవరో చేయెత్తారు. ఆఁ, గ్యారేజీలో పెట్టొచ్చా అని అడుగుతున్నారు. వద్దండీ. నేను ఇవాళ మీకు ఒక్కటే గట్టిగా చెప్పాల్సి వస్తే ఇదే చెప్తాను. టెక్సాస్ గ్యారేజీ మే నుంచి సెప్టెంబరు దాకా పొయ్యి. ఈస్ట్ 30 డిగ్రీల్లో పులిస్తే ఘాటైన ఆల్కహాల్స్ తయారవుతాయి, గొంతు మండుతుంది. ఇంట్లో ఏసీ 76 ఫారెన్‌హీట్‌లో పెడతాం, అంటే 24 సెల్సియస్, పులిసేటప్పుడు లోపల ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. అందుకని ఒక టబ్బులో నీళ్లు పోసి అందులో ఫెర్మెంటర్ నిలబెట్టి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి గడ్డకట్టిన వాటర్ బాటిల్ వేయండి. మొదటి నాలుగు రోజులు చాలు. 18 నుంచి 20 మధ్య ఉంటే యూఎస్-05 చాలా శుభ్రంగా పనిచేస్తుంది.

రెండు వారాలు మూత తీయకండి. తర్వాత గ్రావిటీ చూడండి, 1.010 దగ్గర ఉండాలి, మూడు రోజులాగి మళ్లీ చూస్తే అదే అంకె రావాలి. ఇంకా దిగుతూ ఉంటే సీసాల్లో పోయొద్దు, లోపల గ్యాసు పెరిగి సీసాలు పగులుతాయి, గాజు ముక్కలతో ప్రమాదం. మరిగి నీళ్లు తగ్గాక ఉండే 1.048 నుంచి 1.010కి దిగితే ఆల్కహాల్ 5 శాతం. సీసాలో కావాల్సినంత గ్యాసు పుట్టడానికి కార్న్ షుగర్ 60 గ్రాములు కొంచెం నీళ్లలో మరిగించి కలిపి, సీసాల్లో నింపి మూతలు బిగించి, గదిలోనే ఇంకో రెండు వారాలు.

ఇంకో ప్రశ్న, బియ్యంతో, రాగులతో చేయొచ్చా అని. చేయొచ్చు, కానీ మొదటిసారి వద్దు. ఉత్త బియ్యంలో ఎంజైములు లేవు, విడిగా ఉడికించి మెత్తబరిచి బార్లీ మాల్ట్‌తో కలపాలి, ఇంకో పని, ఇంకో అనుమానం. నాలుగో బ్యాచ్‌కి నేనే వచ్చి సాయం చేస్తాను.

ఎందుకు నాలుగోది అన్నానంటే, మొదటి మూడు బ్యాచ్‌లు ఇదే రెసిపీ చేయమని నా కోరిక. రెండోసారి ఏమీ మార్చకండి. మూడోసారి ఒక్కటి మార్చండి, మ్యాష్ వేడి గానీ హాప్ గానీ, ఏదో ఒక్కటే. కొత్త కొత్తవి చేయాలని మనసు లాగుతుంది, నాకు తెలుసు. కానీ మూడో బ్యాచ్ సీసా తెరిచినప్పుడు మీకు తెలిసిన సంగతులు ముప్ఫై రకాలు ఒక్కోసారి చేసినవాళ్లకి తెలియవు.

ఆ టేబుల్ మీద మూడు వరుసలు ఉన్నాయి, సీసాల మూతల మీద ఒకటి, రెండు, మూడు అని రాశాను. మూడూ ఈ రెసిపీయే. మూడోది 70 డిగ్రీల్లో మ్యాష్ చేశాను. డ్రైవ్ చేయాల్సినవాళ్లు గుక్కెడు మాత్రమే తీసుకోండి. ఒకటో నంబరుతో మొదలుపెట్టి వరుసగా రుచి చూడండి, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.